అటకమీది పల్నాటి యుద్ధం

ఇంట్లో ఏ వస్తువు ఉండాలో, ఏది పోవాలో తీర్పు చెప్పేది ఎవరండీ? మగవారు తామేనని అనుకుంటూ ఉంటారు. పాపం, అనుకోనివ్వండి. పాతచీరలు స్టీలుగిన్నెల వాడికి వేసేది మనం. ఖాళీ సీసాలు, డబ్బాలు, చిత్తుకాగితాలు తూకానికి వేసేది మనం. పండగ ముందు అటక దులిపి, "ఇంక ఇదెందుకు?" అని కింద పడేసేది మనమే. ఆ అధికారం నేనూ ఒకసారి చెలాయించాను. దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాను. ఆ సంగతి మీతో చెప్పుకుంటే, మీలో ఒక్కరైనా నా పొరపాటు చెయ్యకుండా ఉంటారేమోనని ఆశ.

1983 సంక్రాంతికి ముందు మాట. నరసరావుపేటలో మా అత్తవారిల్లు. మామగారు బడిపంతులు చేసి, పోయి అప్పటికి రెండేళ్ళయింది. ఆయన పుస్తకాలు అటకమీద గోనెసంచుల్లో ఉన్నాయి. చెదలు పట్టాయని, ఎలుకలు చేరాయని నాకు బెంగ. భోగి నాలుగురోజులుందనగా కొంగు బిగించి అటకెక్కాను. బాగున్నవి ఒక పక్క పెట్టాను. అట్టలు ఊడినవి, అంచులు పొడి రాలుతున్నవి ఇంకో పక్క వేశాను. వీధిలో "పాతపేపర్లూ!" అన్న కేక వినపడింది. రెండో కుప్ప మొత్తం కాటా ఎక్కింది. వచ్చిన డబ్బుతో అరిసెలకు బెల్లం కొన్నాను. ఇల్లు తేలిగ్గా ఉన్నట్టనిపించింది కూడాను.

పండగ వెళ్ళాక అత్తయ్య అడిగారు. "అమ్మాయ్, అట్ట లేని పల్నాటి వీరచరిత్ర ఒకటి ఉండాలి. కాస్త తీసి పెడతావా?" నా గుండె జారిపోయింది. జరిగింది చెప్పాను. ఆవిడ కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. కొంచెంసేపు ఊరుకుని, "పోనీలే, నీకేం తెలుసు. అందులో మన పిల్లల పుట్టుకలు రాసి ఉన్నాయి" అన్నారు.

అప్పుడు తెలిసింది. ఆ పుస్తకం మా మామగారి నాన్నగారు కొన్నది. ఎప్పుడు కొన్నారంటే, అది అచ్చయిన ఏడే. "ఢిల్లీలో జార్జి చక్రవర్తి దర్బారు జరిగిన ఏడు. విరోధికృత్ నామ సంవత్సరం" అని అత్తయ్య లెక్క. అంటే 1911. పూర్వం చాలా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉండేది. ఇంట్లో పిల్ల పుట్టినా పిల్లవాడు పుట్టినా సంవత్సరం, మాసం, తిథి, నక్షత్రం, గడియలతో సహా ఏదో ఒక మంచి పుస్తకం ఆఖరి కాగితం మీద రాసిపెట్టుకునేవారు. కొందరిళ్ళలో రామాయణం, కొందరిళ్ళలో భాగవతం. పల్నాటివారం కదా, మావారు వీరచరిత్ర మీద రాసుకున్నారు.

ఇంతకీ ఆ పుస్తకం సంగతేమిటి? కథ తెలియని తెలుగు ఆడపడుచు ఉండదు. 1947లో కన్నాంబగారు, 1966లో భానుమతిగారు నాగమ్మ వేషం కట్టి తెరమీద చూపించనే చూపించారు. అయినా రెండు ముక్కల్లో చెబుతాను. పన్నెండో శతాబ్దం చివర, 1180 ప్రాంతాల మాట. గురజాలలో నలగామరాజు, ఆయన పక్షాన నాయకురాలు నాగమ్మ. మాచర్లలో సవతి తమ్ముడు మలిదేవుడు, ఆయన పక్షాన బ్రహ్మనాయుడు. పాండవులు పాచికలాడి అడవికి పోతే, మలిదేవాదులు కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు వలసపోయారు. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అలరాజు రాయబారం వెళ్ళాడు. అలరాజు ఎవరో కాదు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర అతనికి విషం పెట్టారు. ఆ తరువాత కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున యుద్ధం. అన్నదమ్ముల పోరు ఎప్పుడూ ఎలా ముగుస్తుందో ఇదీ అలాగే ముగిసింది. గెలిచినవారు లేరు, ఏడ్చినవారే మిగిలారు.

ఆ ఏడ్చినవాళ్ళ పేర్లు చూడండి. అలరాజు భార్య పేరిందేవి. ఒకపక్క పుట్టిల్లు, ఒకపక్క మెట్టినిల్లు, నడుమ భర్త చితి. బాలచంద్రుడి తల్లి ఐతాంబ. ఒక్కగానొక్క కొడుకు యుద్ధానికి పోతానంటే ఆపలేకపోయింది. భార్య మాంచాల. కాపరమన్నది ఎరగకుండానే కత్తి చేతికిచ్చి సాగనంపింది. ఆ యుద్ధంలో మగవాళ్ళు ఏ రోజు ఏ మూల నరికారో పాటల్లో ఉంది. ఈ ముగ్గురూ తమ కథ తామే రాసుకుని ఉంటే ఎలా ఉండేదో అని నాకనిపిస్తూ ఉంటుంది. కాని వాళ్ళు రాసుకోలేదు. రాసుకున్నా దాచిపెట్టేవారు ఎవరు?

మరి కథ ఎలా బతికింది? నోటిమాటగా బతికింది. పల్నాటిలో వీరవిద్యావంతులని ఉన్నారు. తాతల నాటి నుంచి ఈ పాట పాడటం వారి వృత్తి. రాయటం రానివాళ్ళూ ఉన్నారు వారిలో. ఊరి చివర పేటల్లో ఉంటూ, చేత కత్తి పట్టి, పంబ మోగుతుంటే, తిత్తి శ్రుతి పడుతుంటే, రాత్రి తెల్లవార్లూ పాడేవారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు కథను, మాల కన్నమదాసును తన కొడుకుగా చూసుకున్న కథను ఇన్ని వందల ఏళ్ళు మోసుకొచ్చింది ఆ గొంతులే. పెద్దకులాల ఇళ్ళలో పెట్టెల నిండా తాళపత్రాలున్నా, ఈ కథకు అసలు పెట్టె మాత్రం ఆ గొంతే.

ఆ పాటను విని కావ్యంగా కట్టినవారిలో మొదట చెప్పే పేరు శ్రీనాథుడిది. యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్ళు దాటాక పుట్టిన మహాకవి. ఈ ద్విపద ఆయనదేనా కాదా అని పండితులు వాదించుకున్నారు, ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆయనదే అంటే నాకు నవ్వొస్తుంది. ఎందుకంటే పల్నాడులో సన్నన్నం దొరకదు, ఎటు చూసినా జొన్నకూడే అని చాటువుల్లో మన నేలను వెక్కిరించిన పెద్దమనిషి ఆయనే అంటారు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలిన తరవాత గాని మా వైపు పొలాల్లో వరి పచ్చగా కనపడలేదు కనుక, ఆ మాట అబద్ధమని అనలేం. కాని జొన్నకూడు తిన్నా పౌరుషానికి లోటు లేదని ఆయన కలమే ఒప్పుకోవలసి వచ్చిందన్నమాట.

శ్రీనాథుడి పేర చెలామణీ అయ్యే భాగంలో ముఖ్యమైనది బాలచంద్రుడి యుద్ధం. స్నేహితుడైన బ్రాహ్మణ యువకుడు అనపోతును యుద్ధంలో చావనివ్వడం ఇష్టంలేక, మరిచిపోయిన వస్తువేదో తెమ్మనే నెపంతో బాలచంద్రుడు అతన్ని వెనక్కి పంపేస్తాడు. ఆ మోసం తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. చిన్నప్పుడు ఇది విని ఏడవని పల్నాటి పిల్లలుండరు.

ఇదంతా తాటాకుల మీద ఉండేది. తాటాకు ఆయుష్షు ఎంతండీ? గంటంతో గీసి, మసి పూసి, ఎంత జాగ్రత్త చేసినా కొన్ని తరాలకు పురుగు తింటుంది. అది తినకముందే ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ కొత్త ఆకుల మీదికి ఎత్తాలి. ఎత్తిన ప్రతిసారీ ఒక అక్షరం జారుతుంది, ఒక పాదం మారుతుంది. అచ్చు అన్నది వచ్చాకనే ఈ బెడద తీరింది. కాని వీరచరిత్ర అచ్చుకెక్కడానికి 1911 దాకా ఆగవలసి వచ్చింది. ఆ పని చేసిన వారు అక్కిరాజు ఉమాకాంతంగారు. పల్నాటివారే. తరువాత ఉమాకాంత విద్యాశేఖరులన్న పేరుతో, త్రిలింగ పత్రిక సంపాదకులుగా, 1928లో నేటికాలపు కవిత్వం అన్న విమర్శ రాసి భావకవులను హడలగొట్టిన పండితులుగా ఆయన పేరు మారుమోగింది. వీరచరిత్రను అచ్చులో పెట్టేనాటికి మాత్రం ఇరవైలు దాటీ దాటని కుర్రవాడు. 1889లో పుట్టారాయన. ఆ వయసులో మన పిల్లలు ఏం చేస్తుంటారో మీకు తెలుసు!

లెక్క వేసి చూడండి. యుద్ధం జరిగింది 1180 ప్రాంతాల. పుస్తకం అచ్చయింది 1911లో. ఏడు వందల ముప్ఫయ్యేళ్ళు నోట్లోనూ, తాటాకులోనూ తల దాచుకున్న కథ కాగితం మీదికి వస్తే, ఆ కాగితాన్ని డెబ్భై రెండేళ్ళు తిరిగేసరికి నేను కాటామీద పెట్టాను. బెల్లానికి!

అప్పటినుంచి నాకు ఆ మొదటి ముద్రణ మీద పట్టుదల పుట్టింది. వెతకడం మొదలుపెట్టాకనే తెలిసింది, పాత పుస్తకాలు ఎందుకు దొరకవో. వెనకటి రోజుల్లో తెలుగు పుస్తకం ఐదు వందలో వెయ్యో ప్రతులు వేస్తే గొప్ప. చౌకరకం కాగితమైతే పాతికేళ్ళకు పసుపు, యాభయ్యేళ్ళకు అప్పడం. చెదలు, వానకారు అటకలు, పంపకాలు, అద్దె ఇళ్ళు మారడాలు, ఇవన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. ఒక్కోసారి సర్కారువారూ వేస్తారు. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని వావిళ్ళవారి చేత అచ్చువేయిస్తే, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఒక స్త్రీ రాసి, ఇంకొక స్త్రీ వెలికితీసిన కావ్యం అది. ఆ నిషేధం 1947లో గాని పోలేదు. మద్రాసులో మూర్ మార్కెట్టు అని ఉండేది. పాత పుస్తకాలకు పెట్టింది పేరు. 1985లో అది తగలబడిపోయింది. వీటన్నిటికీ మించి, మనలాంటి ఇల్లాళ్ళు ఉండనే ఉన్నాం.

విజయవాడ ఏలూరు రోడ్డులో, తరువాత లెనిన్ సెంటర్ అని పేరుపడ్డ చోట, పాత పుస్తకాల దుకాణాలున్నాయి గదా. చీరలకు వెళ్ళినప్పుడల్లా అక్కడ ఒక గంట ఆగడం అలవాటు చేసుకున్నాను. మా ఆయన మొదట విసుక్కున్నారు. తరువాత చీరల దుకాణం కన్నా ఇదే చౌక అని గ్రహించి ఊరుకున్నారు. అక్కడ ఒక ముసలాయన నాకు కొన్ని కిటుకులు చెప్పాడు. మీకూ పనికొస్తాయి, వినండి.

పుస్తకం అట్ట చూసి మోసపోకూడదు. అట్ట తరువాత కుట్టించినదై ఉంటుంది. లోపలి ముఖపత్రం చూడాలి. 1867లో అచ్చు పుస్తకాలకు ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ముద్రించినవారి పేరు, ఊరు పుస్తకంలో ఉండితీరాల్సి వచ్చేది. కనుక ఏ ముద్రాక్షరశాల, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది సామాన్యంగా అక్కడ దొరుకుతుంది. ఆ చట్టం వల్లనే ప్రతి పుస్తకమూ ప్రభుత్వానికి కూడా ఇవ్వాల్సి వచ్చేది. మన ఇళ్ళలో లేని పాత తెలుగు పుస్తకాలు కొన్ని లండనులో భద్రంగా ఉండటానికి అదీ ఒక కారణం. ముఖపత్రం చిరిగిపోతే వెల చూడాలి. వెల అణాల్లో ఉంటే అది 1957 ఏప్రిల్‌కు ముందుదే అనుకోవచ్చు. నయాపైసలు వచ్చింది అప్పుడే కదా. తరువాత అక్షరాలు చూడాలి. అరసున్నలు, బండి ఱలు చాదస్తంగా అన్నిచోట్లా ఉన్నాయంటే పాతకాలపు అచ్చని ఒక గురుతు. "ద్వితీయ ముద్రణము", "రెండవ కూర్పు" అన్న మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో కళ్ళద్దాలు పెట్టుకుని వెతకాలి. అవి లేకపోతేనే ఆశ. చివర తప్పొప్పుల పట్టిక ఉంటే చించకూడదు. ఏ తప్పు ఏ ముద్రణలో దిద్దారో దానివల్లే తెలుస్తుంది.

"ఇన్ని చూశాక, అన్నిటికన్నా ముందు ఇంకొకటి చూడాలమ్మా. చదివినవాళ్ళు ఏమైనా రాశారేమో చూడాలి" అన్నాడాయన. "అచ్చు వెయ్యిమందికి ఒకటే. చేతిరాత ఒక్కరిదే." ఆయనకు నా కథ తెలియదు. నేను చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

ఏడాదికి రెండుమూడుసార్లు వెతికినా మొదటి ముద్రణ దొరకలేదు. 1938లో వచ్చిన కూర్పు మాత్రం 1989లో దొరికింది. వెన్ను ఊడింది గాని కాగితాలన్నీ ఉన్నాయి. ఇంటికి తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ కళ్ళకు అప్పటికి చత్వారం ముదిరింది. పుస్తకం వాసన చూసి, వెనక్కి తిప్పి, ఆఖరి కాగితం తడిమి, నాకిచ్చేశారు. "మంచి పుస్తకమే. చదివి వినిపించు" అన్నారు. అంతే.

వేటపాలెం సారస్వత నికేతనం గురించి మీరు వినే ఉంటారు. 1918లో ఒక ఊళ్ళో పెట్టిన పుస్తకశాల. పాత పత్రికలు బైండు కట్టి దాచిన చోటు. పుట్టినతేదీ రుజువు కావాలన్నా, ఫలానా రోజున ఫలానాది జరిగిందని రుజువు కావాలన్నా అక్కడికి మనుషులు పోతారు. ఒకసారి బంధువుల పెళ్ళికి చీరాల వెళ్ళి, అక్కడికీ వెళ్ళాను. ఆ బైండు పుస్తకాల మధ్య నడుస్తుంటే సిగ్గేసింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ పత్రికలను ఇన్నేళ్ళు ఇంతమంది కాపాడారు. మా ఇంటి కాగితాన్ని నేను కాపాడలేకపోయాను.

ఈ సందర్భంలో ఇంకొక యుద్ధకాలపు పుస్తకం చెప్పాలి. మీ పిల్లలు బళ్ళో చదివే ఉంటారు. ఆన్ ఫ్రాంక్ అనే యూదుల పిల్ల ఆంస్టర్‌డాంలో హిట్లరు మనుషుల కంటపడకుండా రెండేళ్ళకు పైగా దాక్కుని దినచర్య రాసుకుంది. 1944 ఆగస్టు 4న అందరినీ పట్టుకుపోయారు. గదిలో కాగితాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాళ్ళకు సాయం చేస్తూ వచ్చిన మీప్ గీస్ అనే ఇల్లాలు ఆ కాగితాలను ఏరి తన బల్ల సొరుగులో దాచింది. చదవలేదు. పిల్ల తిరిగొచ్చాక ఇద్దామనుకుంది. పిల్ల తిరిగి రాలేదు. తండ్రి ఒక్కడే వచ్చాడు. ఆయనకిచ్చింది. 1947 జూన్‌లో ఆ పుస్తకం డచ్చి భాషలో మొదటిసారి అచ్చయింది. వేసింది మూడువేల ప్రతులు, ఆ పైన కొద్దిగా. ఇవాళ ప్రపంచంలో పుస్తకాలు సేకరించే వాళ్ళు ఆ మొదటి ముద్రణ కోసం ప్రాణం పెడతారు. నాకు మాత్రం ఆ మూడువేల ప్రతులకన్నా ఆ బల్ల సొరుగే గొప్పదనిపిస్తుంది. ఆవిడ కాగితాలను ఊడ్చేసి ఉంటే? గది శుభ్రం చేస్తున్నానని అనుకుని ఉంటే? ఆవిడకు పండగ రాలేదు, నాకు వచ్చింది అని సరిపెట్టుకోవాలా?

1991లో అత్తయ్య కారంపూడి వెళ్దామన్నారు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు అక్కడ వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని రోజుకొక పేరు. యుద్ధకథ అంతా ఆ ఐదు రోజుల్లో మళ్ళీ జరిగినట్టే. వీరాచారవంతులు తాతల నాటి ఆయుధాలు మోసుకుని నాగులేటికి వస్తారు. మందపోరు నాడు చాపకూడు. కులం అడిగేవారు లేరు. మేము వెళ్ళిన రాత్రి విద్యావంతులు పాడుతున్నారు. నేను 1938 నాటి పుస్తకం సంచీలో పెట్టుకు వెళ్ళాను. పాటను పుస్తకంతో సరిచూద్దామని నా తెలివి. ఎక్కడ సరిపోతుంది? పాట ఒక దారి, పుస్తకం ఒక దారి. పుస్తకంలో లేని మనుషులు పాటలో ఉన్నారు, పుస్తకంలో నాలుగు పాదాల్లో అయిపోయింది పాటలో అరగంట సాగింది. పక్కన కూర్చున్న ముసలమ్మ నా చేతిలో పుస్తకం చూసి, "అది మూసెయ్యమ్మా, ఇను" అంది.

మూసేసి విన్నాను. అచ్చుపుస్తకం ఒక్కటే కథ అనుకోవడం ఎంత తప్పో ఆ రాత్రి తెలిసింది. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘేర్ అనే పండితుడు ఈ సంగతి మనకంటె ముందు గ్రహించాడు. అలిశెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన పాటను పాడినట్టుగా తీసుకుని, ఇంగ్లీషులోకి మార్చి, ఆక్స్‌ఫర్డ్ నుంచి 1982లో పెద్ద గ్రంథంగా తెచ్చాడు. నేను మొదటి ముద్రణను తూకానికి వేయడానికి సరిగ్గా ఏడాది ముందు! ఎక్కడో ఉన్న మనిషి సముద్రాలు దాటి వచ్చి మన నేల పాటను దాచిపెట్టుకుంటుంటే, ఇక్కడున్న నేను ఏం చేశానో చూశారుగా.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్తయ్యను అడిగాను. "అత్తయ్యా, ఆ పేజీలో ఉన్నవన్నీ మీకు జ్ఞాపకం ఉన్నాయా?" ఆవిడ నవ్వారు. "రాసింది మీ మామయ్య వాళ్ళు గాని, కన్నది మేం కాదుటే!"

ఇంటికి రాగానే 1938 నాటి పుస్తకం ఆఖరి కాగితం తీశాను. ఆవిడ చెప్తుంటే నేను రాశాను. ఆనంద నామ సంవత్సరంలో మామగారు. తరువాత ఆయన తమ్ముళ్ళు, అక్కచెల్లెళ్ళు. తరువాత మా ఆయనా, తోడబుట్టినవాళ్ళూ. తిథి తప్పలేదు, నక్షత్రం తప్పలేదు. మధ్యలో ఒకచోట ఆగారు. "విక్రమ నామ సంవత్సరం, శ్రావణ బహుళ విదియ, శతభిషం. ఆడపిల్ల" అన్నారు. మా ఆయనకు అక్కగారు ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. "పేరు?" అని అడిగాను. "పేరు పెట్టలేదమ్మా. మూడు రోజులే ఉంది. మీ మామయ్య ఆ పుస్తకంలో రాశారు. ఇంకెక్కడా లేదు."

అత్తయ్య ఆ అట్టలేని పుస్తకం ఎందుకడిగారో ఎనిమిదేళ్ళకు నాకు అర్థమైంది. ఊరి లెక్కల్లో లేదు, ఫోటో లేదు, ఎవరి నోటా పేరు లేదు. ఆ పిల్ల ఈ లోకానికి వచ్చి వెళ్ళిందనడానికి ఉన్న ఒకే ఒక దాఖలాను నేను బెల్లానికి అమ్ముకున్నాను. ఆ వాక్యం రాస్తుంటే నా చెయ్యి వణికింది. ఆవిడ మాత్రం శాంతంగానే, "రాశావా? ఏదీ, చదువు" అన్నారు. చదివాను. "సరిగ్గా ఉంది" అన్నారు.

1996లో అత్తయ్య పోయారు. ఆ తరువాత చాలాకాలానికి, ఒక పాత గ్రంథాలయంలో 1911 నాటి ప్రతిని ఒక అరగంట చేత్తో పట్టుకునే భాగ్యం కలిగింది. ఇరవై ఏళ్ళకు పైగా వెతికిన పుస్తకం. ముఖపత్రం మీద ఆ సంవత్సరం చూస్తే ఒళ్ళు ఝల్లుమంది. కాని నిజం చెప్పొద్దూ, నేను ముందు తిప్పింది ఆఖరి కాగితం. అది ఖాళీగా ఉంది. ఎంత ఖరీదైన పుస్తకమైనా అది మా ఇంటిది కాదు. మెల్లిగా మూసి, దణ్ణం పెట్టుకుని, ఇచ్చేశాను.

ఇప్పుడు కాలం మారింది. పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఫోటోలు తీసి కంప్యూటర్లలో పెట్టారు. మా మనవరాలు ఫోనులో నొక్కితే నేను ఏలూరు రోడ్డులో ఏళ్ళ తరబడి వెతికినటువంటివి క్షణంలో వస్తున్నాయి. చాలా సంతోషం. 2022లో పల్నాడు జిల్లా అయింది, మా నరసరావుపేట జిల్లా కేంద్రమయింది. అదీ సంతోషమే. కాని ఎవరింటి పుస్తకంలో ఎవరు ఏం రాసుకున్నారో ఏ కంప్యూటరుకూ తెలియదు. అది మన అటకలకు, మన ట్రంకుపెట్టెలకు మాత్రమే తెలుసు.

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, ఈసారి పండగకు అటక దులపండి. వద్దనను. చెదలు పట్టినవి ఎండలో కాదు, నీడలో ఆరబెట్టండి. నాలుగు ఎండు వేపాకులు వేసి ఉంచండి. పారేసేముందు మాత్రం ప్రతి పుస్తకమూ రెండుచోట్ల తెరవండి. మొదటి కాగితం చూడండి, ఏ సంవత్సరమో తెలుస్తుంది. ఆఖరి కాగితం చూడండి, ఎవరిదో తెలుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, "ఇది ఏమిటి?" అని ఒక్క మాట అడగండి. నేను అడిగి ఉంటే సరిపోయేది.

మొన్న శ్రావణమాసంలో మా మనవరాలికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రివాళ్ళు కాగితం ఇచ్చారు, మునిసిపాలిటీవాళ్ళు ఇంకొకటి ఇచ్చారు. అయినా నేను బీరువాలోంచి వీరచరిత్ర తీసి, ఆఖరి కాగితం మీద, ఆ పేరులేని పిల్ల వాక్యం ఉన్న పుటలోనే, చివర కొంచెం చోటుంటే రాశాను. పక్కన పేరు కూడా రాశాను. మాంచాల అని పెట్టమన్నాను గాని, వాళ్ళు ఒప్పుకోలేదు. ఇప్పటి పిల్లలు గదా!